మీ నీలం ఎక్కడిది?

పోయిన నెల ఈ పేజీలో ఒక మాట అన్నాను. మా ఇంట్లో ఉన్న ఎల్పీ రికార్డులన్నీ ఒకరోజు దుమ్ము దులిపి, అట్టల రంగును బట్టి సర్దితే నీలం వరసే అన్నిటికన్నా పొడుగు తేలిందని. పేరులో 'బ్లూ' ఉన్నవి వేరు చేస్తే వాటితోనే ఒక అర నిండిపోయిందని కూడా రాశాను. ఆ రెండు వాక్యాలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఇరవై ఏళ్లు బేస్ గిటార్ వాయించినదాన్ని, పాటకో బ్యాండుకో పెట్టిన పేరు గురించి ఎవరడిగినా నాకు సంబరమే. అందుకే ఈ నెల పేజీ మొత్తం నీలానికే ఇచ్చేశాను.

*

మేడం, మేం నలుగురం కలిసి బ్యాండ్ పెట్టుకున్నాం. ఇంకో రెండు నెలల్లో మొదటి ప్రోగ్రాం. పేరే కుదరలేదు. మా డ్రమ్మర్ 'నీలం' అని పట్టుబట్టాడు. కీబోర్డు వాయించే అమ్మాయేమో బ్లూ అంటే దిగులు, మన పాటలన్నీ హుషారైనవి, వద్దంటుంది. నాలుగు రిహార్సల్స్ ఈ గొడవలోనే గడిచిపోయాయి. మీరే తేల్చండి.
— ఇంకా పేరు లేని నలుగురు

మీ కీబోర్డు అమ్మాయి చెప్పింది నిజమే, కానీ అది ఇంగ్లీషు సంగతి. మనసు బాగాలేకపోతే 'బ్లూ డెవిల్స్' పట్టాయనేవాళ్లు, అంటే నీలి దయ్యాలు. 18వ శతాబ్దం నాటికే ఆ మాట వాడుకలో ఉంది. పోనుపోను దయ్యాలు పోయి నీలం మిగిలింది. అమెరికాలో నల్లజాతివాళ్లు పాడుకున్న పాటలకు బ్లూస్ అన్న పేరు ఆ దారినే వచ్చింది. డబ్ల్యూ.సి. హ్యాండీ 1912లో 'మెంఫిస్ బ్లూస్', 1914లో 'సెయింట్ లూయిస్ బ్లూస్' అచ్చు వేయించాడు. 1920లో మేమీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్' విపరీతంగా అమ్ముడుపోయేసరికి, రికార్డు కంపెనీలు బ్లూస్ పాడే ఆడవాళ్ల కోసం వెతుకులాట మొదలుపెట్టాయి. అప్పటినుంచి అట్ట మీద 'బ్లూ' అని ఉంటే చాలు, లోపల ఏముందో కొనేవాళ్లకు సగం తెలిసిపోయేది.

అయితే ఆ అమ్మాయికి ఇంకో సంగతి కూడా చెప్పండి. 1920లలో ఓక్లహోమా సిటీలో ఏకంగా 'బ్లూ డెవిల్స్' అన్న పేరుతోనే ఒక బ్యాండ్ ఉండేది. తర్వాత జాజ్‌లో అంత పేరు తెచ్చుకున్న కౌంట్ బేసీ అందులో పియానో వాయించాడు. వాళ్లు వాయించింది డాన్సు సంగీతం. పేరులో దిగులు దయ్యాలే ఉన్నా, హాల్లో ఒక్కరి కాళ్లూ కుదురుగా ఉండేవి కావు. బ్లూస్ అంటేనే అంత. దిగులు గురించి పాడుతూ దిగులును దులిపేసుకోవడం.

ఇక మన మాట. తెలుగులో నీలం పట్టుకొచ్చే అర్థాలు పూర్తిగా వేరు. లేనిపోని నింద వేస్తే నీలాపనింద. పుకారు పుడితే నీలివార్త. ఏదైనా పని ముందుకు సాగేలా లేకపోతే నీలినీడలు కమ్ముకున్నాయంటాం. తలనీలాలు అన్నప్పుడు నీలమంటే నలుపే. నీలిమబ్బు అంటే వాన వస్తోందన్న కబురు. ఇన్నిట్లో 'మనసు బాగాలేదు' అన్న అర్థం సూటిగా ఎక్కడా లేదు. మీరు 'నీలం' అని పేరు పెట్టుకుంటే వినేవాళ్లకు ముందు తట్టేది రంగే. ఇంగ్లీషు దిగులును అరువు తెచ్చుకుని మరీ భయపడక్కర్లేదు.

నన్ను అడిగితే అసలు ప్రశ్న దిగులా హుషారా అన్నది కాదు. ఆ నీలం మీకెక్కడ దొరికింది అన్నది. పేరున్న బ్యాండ్‌లు చాలావరకు తమ నీలాన్ని చేతికందే దూరంలోంచే తీసుకున్నాయి. 1964లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన మూడీ బ్లూస్ సంగతే చూడండి. ఆ ఊళ్లో మిచెల్స్ అండ్ బట్లర్స్ అని ఒక బీరు కంపెనీ ఉండేది, అందరూ ఎం అండ్ బి అనేవాళ్లు. స్పాన్సర్ చేస్తారేమోనన్న ఆశతో ఆ రెండు అక్షరాలు కలిసొచ్చేలా పేరు వెతికారు. 'మూడీ' అన్న మాటకు జాజ్ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్ పాట 'మూడ్ ఇండిగో' తోడైంది. కంపెనీ డబ్బు రాలేదు, పేరు మాత్రం మిగిలిపోయింది.

జార్జియా రాష్ట్రంలో ఇద్దరమ్మాయిలు పేరు కోసం డిక్షనరీ తిరగేశారు. 'ఇండిగో' అన్న మాట దగ్గర ఆగారు. 1985 నుంచి వాళ్లు ఇండిగో గర్ల్స్. ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను, ఎందుకంటే ఆ మాటలో మనమే ఉన్నాం. ఇండిగో అంటే నీలిమందు. లాటిన్‌లో 'ఇండికమ్' అనేవాళ్లు, 'ఇండియా నుంచి వచ్చింది' అని అర్థం. మన నీలం పోర్చుగీసు వాళ్ల దగ్గరికి 'అనిల్'గా చేరింది, అదే మాట రసాయన శాస్త్రంలో 'అనిలిన్' అయి కూర్చుంది. అమెరికాలో ఒక అమ్మాయి డిక్షనరీలో వేలు పెట్టిన చోట మన రంగు ఉంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

గ్లాస్గోలో ముగ్గురు కుర్రాళ్లకు పేరు ఒక పుస్తకం అట్ట మీద దొరికింది. నైలు నది గురించి ఆలన్ మూర్‌హెడ్ రాసిన 'ది బ్లూ నైల్' అది. అదే ఊళ్లో కొన్నేళ్లకు ఇంకో బృందం, అమెరికన్ బ్యాండ్ స్టీలీ డ్యాన్ పాట 'డీకన్ బ్లూస్' నుంచి చివరి అక్షరం తీసేసి డీకన్ బ్లూ అయింది. బీరు కంపెనీ, డిక్షనరీ, ఒక పుస్తకం, ఎవరిదో పాట. వీళ్లెవరూ ముందు కూర్చుని 'నీలమంటే ఏమిటి' అని చర్చ పెట్టుకున్నవాళ్లు కారు.

కాబట్టి మీ డ్రమ్మర్‌ని కూర్చోబెట్టి ఒక్కటే అడగండి: నీకు నీలం ఎందుకు తట్టింది? 'ఊరికే, బాగుందని' అంటే వదిలేయండి. 'మనం మొదటిసారి కలిసి వాయించిన గది గోడలు ఆ రంగు' అనో, 'నా మొదటి డ్రమ్ కిట్ నీలం' అనో అంటే ఆ పేరుకు వేరు ఉన్నట్టే. అప్పుడైనా ఒట్టి 'నీలం' వద్దని నా సలహా. వెతికితే ఆ మాటకు మీరు తప్ప లోకమంతా కనబడుతుంది. పైగా ఒంటి మాట పేర్లకు తగువులు కూడా వస్తాయి. బ్రిటన్‌లో నలుగురు కుర్రాళ్ల 'బ్లూ' పెద్ద హిట్టయ్యాక, 1970ల నాటి స్కాటిష్ బ్యాండ్ ఒకటి ఆ పేరు ముందునుంచీ మాదేనని కోర్టుకెక్కింది. పక్కన ఇంకో మాట చేర్చండి, ఆ గదిదో, ఆ కిట్‌దో. తర్వాత రిహార్సల్లో మైకు పెట్టి 'ఇప్పుడు మీ ముందుకు వస్తున్నది...' అని గట్టిగా పదిసార్లు అనండి. పదోసారి కూడా నోటికి హాయిగా ఉంటే అదే మీ పేరు.

*

సంగీతం నేర్చుకుంటున్నాను మేడం. జాజ్ గురించి ఏది చదివినా 'బ్లూ నోట్' అని కనిపిస్తుంది. స్వరానికి రంగేమిటి? అది స్వరమా, కంపెనీ పేరా?
— గాత్రం విద్యార్థిని

రెండూనమ్మా. ముందు స్వరం. నువ్వు గాత్రం నేర్చుకుంటున్నావు కాబట్టి నీకు చెప్పడం తేలిక. సాధారణ గాంధారం పాడు. తర్వాత అంతర గాంధారం పాడు. ఇప్పుడు ఆ రెంటికీ మధ్య, ఏదీ కాని చోట నిలబడు. బ్లూస్ పాడేవాళ్లు గాంధారాన్ని నిలిపేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. పంచమాన్నీ, నిషాదాన్నీ కూడా అలాగే కాస్త కిందికి లాగుతారు. పియానోకు ఈ సుఖం లేదు, రెండు కీల మధ్య దానికి చోటే లేదు. అందుకని పియానో వాయించేవాళ్లు పక్కపక్క కీలు రెండూ ఒకేసారి నొక్కి, చెవికి ఆ మధ్య స్వరం ఉన్నట్టు అనిపించేలా చేస్తారు. గిటార్ మీదైతే తీగను నొక్కిపట్టి వేలితో పక్కకు నెట్టాలి. ఎంత నెట్టాలో ఏ పుస్తకమూ చెప్పదు. నాకైతే కొన్ని వారాలపాటు ఎక్కువైపోతూనే వచ్చింది. తక్కువ నెట్టడం నేర్చుకోవడమే కష్టం. గమకం అలవాటున్న నీ గొంతుకు ఇది నాకన్నా త్వరగా పట్టుబడుతుంది.

ఇక కంపెనీ. బెర్లిన్ నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ లయన్ 1939లో న్యూయార్క్‌లో మ్యాక్స్ మార్గులిస్‌తో కలిసి పెట్టిన రికార్డు కంపెనీ బ్లూ నోట్. బెర్లిన్ నాటి స్నేహితుడు ఫ్రాన్సిస్ వూల్ఫ్ తర్వాత వచ్చి చేరాడు. లయన్ రికార్డింగ్ చూసుకుంటే వూల్ఫ్ ఫోటోలు తీసేవాడు. 1950ల మధ్య నుంచి రీడ్ మైల్స్ ఆ ఫోటోలను కోసి, రంగులద్ది, అక్షరాలు పేర్చి అట్టలు వేశాడు. ఆ అట్టలను ఇప్పటికీ డిజైన్ నేర్చుకునేవాళ్లు ముందు పెట్టుకుని కూర్చుంటారు.

వాటిల్లో ఒకటి నా దగ్గరుంది, శాక్సోఫోన్ వాయించే జాన్ కోల్‌ట్రేన్ 'బ్లూ ట్రైన్'. కోల్‌ట్రేన్ తల వంచి, చెయ్యి పెదవుల దగ్గర పెట్టుకుని ఏదో ఆలోచనలో ఉంటాడు. ఫోటో మొత్తం నీలం కలిపిన నలుపు. 1957 సెప్టెంబర్ 15న రికార్డు చేశారు. ట్రంపెట్ వాయించిన లీ మోర్గన్‌కు అప్పటికి 19 ఏళ్లు. బ్లూ నోట్ కంపెనీకి కోల్‌ట్రేన్ తన పేరు మీద ఇచ్చిన ఆల్బమ్ ఇదొక్కటే. అందులో మొదటి పాట బ్లూస్ కట్టుబాట్లలోనే నడుస్తుంది. అంటే ఆ పేరులోని నీలం కంపెనీ పేరుకూ తగులుతుంది, స్వరానికీ తగులుతుంది, పాట కట్టుబడికీ తగులుతుంది, అట్ట రంగుకూ తగులుతుంది. ఒక్క మాటకు ఇన్ని పనులు అప్పజెప్పిన పేరు నాకింకోటి తెలియదు.

*

బ్లూగ్రాస్ సంగీతానికీ గడ్డికీ ఏమిటి సంబంధం?
— ఒక పాఠకుడు

మధ్యలో ఒక బ్యాండ్ ఉంది. బిల్ మన్రో సొంత రాష్ట్రం కెంటకీ. అక్కడ పెరిగే బ్లూగ్రాస్ వల్ల దానికి బ్లూగ్రాస్ స్టేట్ అని పేరు. ఆకులు పచ్చగానే ఉంటాయి, కోయకుండా పెరగనిస్తే వచ్చే కంకుల్లోనే నీలం ఛాయ. మన్రో తన బృందానికి బ్లూ గ్రాస్ బాయ్స్ అని పేరు పెట్టి 1939లో గ్రాండ్ ఓల్ ఓప్రీ రేడియో కార్యక్రమంలో చేరాడు. వాళ్లలా మాండొలిన్, బాంజో, ఫిడేలు వేగంగా వాయించేవాళ్లు పెరిగాక, ఆ పద్ధతి మొత్తానికీ వాళ్ల పేరే స్థిరపడింది. ఒక బ్యాండ్ పేరే ఒక సంగీతం పేరు కావడం, ఏ బ్యాండుకైనా ఇంతకు మించిన గౌరవం ఉందనుకోను.

*

జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ', గాయని జోనీ మిచెల్ 'బ్లూ'. ఈ రెండు ఆల్బమ్‌లలో ఏది నిజంగా నీలం? మా ఇంట్లో నాకూ మా తమ్ముడికీ పందెం.
— అక్కాతమ్ముళ్లు

పందెంలో ఇద్దరూ గెలిచేలా చెప్పడం నాకు చేతకాదు. అయినా ముందు నా కథ వినండి.

'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటి పాట 'సో వాట్'. మామూలుగా పాటలో మెలొడీ ట్రంపెట్‌దో శాక్సోఫోన్‌దో. ఇందులో మాత్రం బేస్‌ది. పాల్ చాంబర్స్ బేస్ మీద ఒక ప్రశ్న వేసినట్టు వాయిస్తాడు, మిగతావాళ్లు రెండు కార్డ్‌లతో, అంటే కలిపి మోగించే స్వరాలతో, జవాబిస్తారు. బేస్ నేర్చుకునే ప్రతివాళ్లూ ఈ పాట దగ్గరికి రావాల్సిందే. నేనూ వచ్చాను. మా అన్నయ్య దగ్గరున్న పాత ఎల్పీ పెట్టుకుని, ట్యూనింగ్ ఫోర్క్‌తో తీగలు సరిచేసుకుని వాయిస్తే శ్రుతి కలవదు. రికార్డు రవ్వంత పైన ఉంటుంది, నేను రవ్వంత కింద. తీగలు మార్చాను. ఫోర్క్ మార్చాను. టర్న్‌టేబుల్ బెల్టు మార్పించాను. రెండో వైపు పెడితే అన్నీ చక్కగా కలిసేవి! మళ్లీ మొదటి వైపు పెడితే అదే తంతు. నా చెవిలోనే లోపముందని తీర్మానించుకుని, ఆ టెన్షన్‌లో కొన్నాళ్లు బేస్ ముట్టుకోవడమే మానేశాను.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ ఆల్బమ్‌ను 1959లో న్యూయార్క్‌లో రెండు రోజుల్లో రికార్డు చేశారు, మార్చి 2న, ఏప్రిల్ 22న. మొదటి రోజు టేప్ మెషిన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగిన టేపును మామూలు వేగంతో వేస్తే పాట వేగంగా, పై శ్రుతిలో వినిపిస్తుంది. మొదటి వైపున్న మూడు పాటలూ ఆ రోజువే. ఆ పొరపాటుతోనే మూడు దశాబ్దాలు లోకమంతా విన్నది. 1990లలో వచ్చిన రికార్డుల్లో సరిచేశారు. సరిచేసినది మొదటిసారి విన్నప్పుడు బేస్ తీసుకుని పక్కన కూర్చున్నాను. మొదటి స్వరమే కలిసింది. నేను ఏడ్చానని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఇక పందెం. 'కైండ్ ఆఫ్' అంటే 'ఒక విధంగా' అని. ఆ మాట చాలా ఆలోచించి పెట్టినట్టుంటుంది నాకు. ఉన్న అయిదు పాటల్లో 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్', 'ఆల్ బ్లూస్' రెండే బ్లూస్ కట్టుబాటులో ఉంటాయి. మిగతావి ఆ ఛాయను మాత్రమే పట్టుకుంటాయి. పేరులోనే 'పూర్తిగా కాదు సుమా' అని చెప్పేశాడు.

జోనీ మిచెల్ది దీనికి తలకిందులు. 1971 జూన్‌లో వచ్చింది, అప్పటికి ఆమెకు 27 ఏళ్లు. పేరు ఒక్క మాట, ముందూ వెనకా ఏమీ లేదు. అట్ట మీద మూసుకున్న కళ్లతో ఆమె ముఖం, అదంతా నీలమే. లోపల కూడా దాచుకోవడానికి తెరలు లేవు. చాలా పాటల్లో ఆమె గొంతు, గిటారో పియానోనో ఒడిలో పెట్టుకుని వాయించే డల్సిమర్ అన్న తీగవాద్యమో, అంతే. ఆల్బమ్ పేరే ఉన్న 'బ్లూ' పాట విన్నారా? అందులో బ్లూ అన్నది రంగు కాదు, మనిషి. ఎదురుగా కూర్చున్నవాళ్లను పేరు పెట్టి పిలిచినట్టు పిలుస్తుంది.

నా ఓటు జోనీ మిచెల్‌కే. మైల్స్ డేవిస్ నీలాన్ని కిటికీలోంచి చూపించాడు. ఆమె తలుపు తీసి లోపలికి రమ్మంది. మీలో గెలిచిందెవరో రాయండి.

*

డీప్ పర్పుల్ ఉంది, బ్లాక్ సబ్బాత్ ఉంది. హార్డ్ రాక్‌లో నీలానికి చోటు లేదా?
— మెటల్ అభిమాని

ఎందుకు లేదు? శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బ్లూ చీర్ ఉంది. 1968లో వాళ్లు 'సమ్మర్‌టైమ్ బ్లూస్'ను ఎంత మోతగా వాయించారంటే, హెవీ మెటల్ పుట్టుక గురించి మాట్లాడేవాళ్లంతా అక్కడ ఒకసారి ఆగుతారు. ఆ పేరు మాత్రం ఒక రకం ఎల్ఎస్‌డీ మత్తుమందుది. నాకు నచ్చని పేరు, అది దాచను. న్యూయార్క్ వాళ్లది బ్లూ ఆయిస్టర్ కల్ట్. మేనేజర్ శాండీ పర్ల్‌మన్ రాసుకున్న కవితల్లోంచి వచ్చిన పేరది. అందులో 'ఓ' అక్షరం మీద రెండు చుక్కలుంటాయి. ఉచ్చారణలో వాటికి పనేమీ లేదు, అలంకారమే. తర్వాత ఎన్ని మెటల్ బ్యాండ్‌లు ఆ చుక్కలు పెట్టుకున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీరే ఇంకో చీటీలో అడిగారు, వీజర్ అన్న రాక్ బ్యాండ్ 'బ్లూ ఆల్బమ్' అసలు పేరు అదేనా అని. కాదు. 1994లో వచ్చిన దాని పేరు కూడా 'వీజర్' అనే. వెనకంతా నీలంగా, ముందు నలుగురూ వరసగా నిలబడి ఉంటారు. జనం రంగుతో గుర్తుపెట్టుకున్నారు. 1973లో వచ్చిన బీటిల్స్ పాటల సంకలనం '1967–1970'కీ అదే జరిగింది. అంకెలు ఎవరికి గుర్తుంటాయి? నీలం గుర్తుంది.

*

ఇంట్లోనే ఆరు పాటలు రికార్డు చేసుకున్నాను. ఆల్బమ్ పేరులో నీలం ఉండాలని కోరిక. 'అవుట్ ఆఫ్ ది బ్లూ'ని తెలుగులో ఎలా అనాలి? 'నీలంలోంచి' అంటే బాగుంటుందా?
— సొంతంగా పాటలు రాసుకునే ఒకామె

బాగుండదండీ. 'నీలంలోంచి' అంటే ఎవరికీ ఏమీ తట్టదు. ఇంగ్లీషులో అక్కడ బ్లూ అంటే ఆకాశం. ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు అని మనకు నిక్షేపంలాంటి మాట ఉంది, అందులో నీలం అక్కర్లేకుండానే ఉంది.

ఆ పేరుతో ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా 1977లో ఆల్బమ్ తెచ్చింది. పాటలు రాయడానికి ఆ బ్యాండ్ నాయకుడు జెఫ్ లిన్ స్విట్జర్లాండ్ కొండల్లో ఒక చెక్క ఇంట్లో దిగాడు. రెండు వారాలపాటు ముసురు, మంచు. ఒక్క పాటా కుదరలేదు. ఒకరోజు పొద్దున్నే ఎండ కాసి, కొండలన్నీ కనబడ్డాయి. అప్పుడు రాసిందే 'మిస్టర్ బ్లూ స్కై'. ఆకాశం ఆయనకు నిజంగానే కిటికీలోంచి దొరికింది.

ఇంకొకటి చెబుతాను, మీకు పనికొస్తుంది. అమెరికన్ స్వరకర్త జార్జ్ గెర్ష్విన్ ఒక పెద్ద రచన మొదలుపెట్టి దానికి 'అమెరికన్ రాప్సోడీ' అని పేరనుకున్నాడు. అన్న ఐరా ఆ రోజుల్లో విస్లర్ చిత్రాలు చూసి వచ్చాడు. విస్లర్ తన బొమ్మలకు సంగీతం మాట ఒకటి, రంగు మాట ఒకటి కలిపి పేర్లు పెట్టేవాడు, 'నాక్టర్న్ ఇన్ బ్లాక్ అండ్ గోల్డ్' అని. అది చూసి ఐరా 'రాప్సోడీ ఇన్ బ్లూ' అన్నాడు. 1924 ఫిబ్రవరి 12న న్యూయార్క్‌లో మొదటిసారి వినిపించారు. క్లారినెట్ కింది నుంచి పైదాకా జారుతూ ఎక్కే ఆ మొదటి స్వరం వింటే చాలు, ఆ పేరు తప్ప ఇంకో పేరు ఊహించలేం. దేశం పేరు తీసేసి రంగు పేరు పెట్టడంతో ఆ రచన ఎవరిదైనా అయింది.

మీరూ అలా చేసి చూడండి. ఆరు పాటలూ వరసగా విని, వాటిలో వచ్చే వస్తువులన్నీ కాగితం మీద రాయండి. దారం, గొడుగు, సిరా, ఏదైనా. వాటిలో నీలంగా ఉండేది ఒకటి కచ్చితంగా తగులుతుంది. ఆ వస్తువు పేరు పెట్టండి. సిరా అంటే చాలు, నీలం అని విడిగా చెప్పక్కర్లేదు.

*

పుట్టుకతోనే నాకు చూపు లేదు. మీ పేజీని ఫోన్ చదివి వినిపిస్తుంది. అట్టల రంగుల్ని బట్టి సర్దానని మీరు పోయినసారి రాసింది విన్నాక అడగాలనిపించింది. నాకు నీలం అన్నది మాట మాత్రమే. మీరు చెప్పే ఆ పాటల్లో నీలం వినిపిస్తుందా?
— వినే పాఠకుడు

మీ ఉత్తరం చదివాక పైన రాసిన జవాబులన్నీ మళ్లీ చూసుకున్నాను. అట్ట, ఫోటో, ఛాయ, కిటికీ. ఎంతసేపూ కళ్లతోనే మాట్లాడాను. మీ ప్రశ్నకు అలా జవాబివ్వడం కుదరదు, కాబట్టి నాకు వినిపించేది వినిపించినట్టు చెబుతాను.

డ్యూక్ ఎలింగ్టన్ 1930 నాటి 'మూడ్ ఇండిగో'తో మొదలుపెట్టండి. మూడు వాద్యాలు కలిసి మెలొడీ వాయిస్తాయి. ఆ రోజుల్లో అలవాటు ప్రకారమైతే క్లారినెట్ పైన, ట్రంపెట్ మధ్యలో, ట్రాంబోన్ కింద ఉండాలి. ఎలింగ్టన్ దాన్ని తిరగేశాడు. క్లారినెట్‌ను అన్నిటికన్నా కిందికి, దాని గొంతు బొంగురుపోయే చోటికి దింపాడు. నోళ్లకు మ్యూట్‌లు, అంటే మోత తగ్గించే మూతలు, బిగించిన ట్రంపెట్, ట్రాంబోన్ ఆ పైన దగ్గర దగ్గరగా వాయిస్తాయి. తెలిసిన మూడు గొంతులే, కానీ ఏది ఎవరిదో పోల్చుకోలేరు. మొదటిసారి విన్నప్పుడు నాలుగో వాద్యమేదో ఉందనుకున్నాను నేను. నాకు ఇండిగో అంటే అదే. రంగు చూడకపోయినా అందులో తగ్గేదేమీ లేదు.

తర్వాత 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మూడో పాట, 'బ్లూ ఇన్ గ్రీన్'. అయిదున్నర నిమిషాలు. బిల్ ఎవాన్స్ పియానోతో మొదలవుతుంది. మైల్స్ డేవిస్ ట్రంపెట్‌కు హార్మన్ మ్యూట్ బిగించి, మైకుకు బాగా దగ్గరగా వాయిస్తాడు. ట్రంపెట్ అంటే దూరానికి పిలిచే వాద్యం కదా, ఇక్కడది చెవి పక్కన గుసగుసలాడుతుంది. ఆ పాట పది బార్లకొకసారి, అంటే పది తాళం ఆవర్తాలకొకసారి, తిరిగి మొదటికి వస్తుంది. ఎనిమిదికో పన్నెండుకో తిరిగే పాటలకు అలవాటుపడ్డ చెవికి ఆ పది ఎక్కడ అయిందో తెలియదు. అయిపోయిందనుకున్న చోట మళ్లీ మొదలై ఉంటుంది. పేరులో రెండు రంగులున్నాయి, ఒకటి ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలైందో చూపున్న నాకూ తెలియదు.

ఆ రెండూ రాత్రిపూట వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. విన్నాక వాటికి మీరైతే ఏ పేర్లు పెడతారో నాకు రాయండి, రంగుల మాట లేకుండా. వచ్చే నెల పేజీ మీ పేర్లతోనే మొదలుపెడతాను.